రంగును చూసి రుచి కట్టొద్దు

జాడీలో ఎర్రటి నూనె తేలుతుంటే గుంటూరు మనిషి నాలుక ముందే కారానికి సిద్ధపడుతుంది. భోగాపురం వైపు ఇళ్లలో ఇంకో జాడీ ఉంటుంది: ముదురు గోధుమరంగులో, పాకంలా చిక్కగా ఉండే బెల్లం ఆవకాయ. ఎరగనివాళ్లు మాగిపోయిన పచ్చడి అనుకుంటారేమో గానీ ఇక్కడివాళ్లకు ఆ రంగు చూస్తేనే నోరూరుతుంది. కర్ణాటక బ్యాడగి మిరపకాయ గుంటూరు కాయకంటే ఎర్రన, కారం మాత్రం తక్కువ. ఎరుపంటే కారమని చెప్పింది ప్రకృతి కాదు, మన వంటిల్లు.

ఆకారాల సంగతీ అంతే. చేదు చాక్లెట్‌కు కోణాలున్న బొమ్మను, తియ్యటిదానికి గుండ్రటి బొమ్మను జతచేయడం పాశ్చాత్యులకు అలవాటు. నమీబియాలోని హింబా పశుపాలకులు దానికి తలకిందులుగా జతచేశారని 2013లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. శబ్దానికీ ఆకారానికీ జత కుదిర్చేటప్పుడు మాత్రం ఇద్దరిదీ ఒకే దారి. రుచి దగ్గరే దారులు వేరయ్యాయి.

ఇలా నేర్చుకున్న చూపును బజారు మార్చగలదు. అనకాపల్లి బెల్లమే సాక్ష్యం. చెరకు రసం కాగుతుంటే ముదరడం సహజం. కొనేవాళ్లకేమో పసిమి దిమ్మ కావాలి. నల్లబెల్లం అంటే నాటుసారా బట్టీ గుర్తొస్తుంది. రంగును బట్టే ధర పలుకుతుంది కాబట్టి వండేవాళ్లు పొయ్యి దగ్గర హైడ్రోస్ అనే రసాయనం కలుపుతున్నారు. దానితో రంగు తేలుతుందే తప్ప తీపి పెరగదు. పైగా నిల్వ ఉంటే ఆ దిమ్మ మళ్లీ ముదురుతుంది. ముదురు రంగుదంతా మేలైనదనీ కాదు. మాడిన పాకం కూడా నల్లగానే ఉంటుంది. రంగొక్కటే కొలబద్ద కావడంలోనే ఉంది తప్పు.

2023 మేలో శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం భోగాపురానికి కొత్త కళ్లను తీసుకొస్తుంది. అక్కడి దుకాణాల్లో మన తాండ్ర, బెల్లం, ఆవకాయ అందమైన డబ్బాల్లో కూర్చుంటాయి. వాటికి రంగులద్దకండి. ఎలా తయారైందో డబ్బా మీద తెలుగులో రాయండి. పసిమికి ఎక్కువ ధర కట్టినంతకాలం రైతును హైడ్రోస్ మానమనే హక్కు మనకు లేదు. ఈసారి బెల్లం కొనేటప్పుడు చిన్న ముక్క నోట్లో వేసుకుని, ఆ తరువాతే బేరమాడండి.