తాళంచెవి ఎవరి దగ్గర?

బండి నేర్చుకున్న రోజు మనలో ప్రతి ఒక్కరికీ గుర్తుంటుంది. ఎవరి లూనా మీద, ఏ గ్రౌండులో, వెనకాల పట్టుకుని పరిగెత్తింది నాన్నా, అన్నయ్యా, పక్కింటి స్నేహితురాలా... అన్నీ చెప్పగలం. మోకాలి మీద మచ్చ కూడా చూపిస్తాం. మరి నడపడం మానేసిందెప్పుడు? ఈమధ్య నాకు తెలిసిన చాలామందిని ఈ ప్రశ్న అడిగాను. ఒక్కరూ తేదీ చెప్పలేకపోయారు. “ఏమో, అలా పోయిందంతే” అన్నారు.

మానేయాలని ఎవరూ అనుకోలేదు మరి! మూడో నెల అని పెద్దవాళ్ళు వద్దన్నారు. సబబే. పురుడయ్యాక చంటిపిల్లని ఎవరు పట్టుకుంటారని ఆగారు. ఈలోగా పుట్టింటి నుంచి తెచ్చుకున్న స్కూటీ ఎండకు ఎండి, వానకు తడిసి, బ్యాటరీ పోయి మూలన పడింది. ‘ఊరికే పడి ఉంది కదా’ అని అమ్మేశారు, లేదంటే తమ్ముడు కాలేజీకి పట్టుకెళ్ళాడు. ఆ తర్వాత ఇంటికి కారొచ్చింది. ఎవరూ మనతో “నువ్వు నడపొద్దు” అనలేదు. అనుంటే పోట్లాడి ఉండేవాళ్ళం. ఎవరూ అనకపోబట్టే ఇంత సులువుగా వెనక సీట్లోకి జరిగిపోయాం.

1980లలో కైనెటిక్ హోండా బటన్ నొక్కితే స్టార్టయ్యే బండిని మన ఇళ్ళ ముందుకు తెచ్చింది. చేతక్ ని పక్కకి వంచి, కిక్ కొట్టీ కొట్టీ ఆయాసపడే పని తప్పింది. 1990లలో స్కూటీ, 2001లో యాక్టివా వచ్చాయి. ఆ బళ్ళ మీద కాలేజీలకీ ట్యూషన్లకీ తిరిగిన అమ్మాయిలందరూ ఇవాళ ముప్ఫై అయిదు దాటి, నలభై దాటి, కొందరు యాభై దాటి ఇళ్ళల్లో ఉన్నారు. వచ్చిన విద్య తుప్పు పట్టిపోతున్నా, అదేమంత నష్టంగా మనకే అనిపించడం లేదు.

నష్టం ఎక్కడో తెలియాలంటే మేముండే బుద్వేల్ వైపు రండి. ఒకప్పుడు ఇటు వ్యవసాయ విశ్వవిద్యాలయం, అటు పోలీసు అకాడమీ, మధ్యలో రైలు స్టేషను... ఊరికి దూరం అనిపించే చోటు. 2008లో శంషాబాద్ లో విమానాశ్రయం మొదలైంది. మరుసటి ఏడాది మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పైచిలుకు ఎక్స్‌ప్రెస్‌వే వేశారు. 2023లో ఎంఎంటీఎస్ రైళ్ళు ఫలక్‌నుమా దాటి ఉందానగర్ దాకా వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో బుద్వేల్ లో వంద ఎకరాలు వేలం వేస్తే మూడున్నర వేల కోట్లకు పైన పలికింది. 2024 మార్చిలో రాజేంద్రనగర్ లో కొత్త హైకోర్టుకు శంకుస్థాపన చేశారు. చుట్టూ ఇంత జరిగింది. కానీ మెయిన్ రోడ్డు నుంచి మా కాలనీల్లోకి వచ్చే ఆ రెండు మూడు కిలోమీటర్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టిక్కెట్టు లేదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ లోనూ ఆ సౌకర్యం వచ్చింది. చాలా మంచి పని. అయితే ఆ బస్సు మనల్ని ఆరాంఘర్ చౌరస్తాలో దింపుతుంది. అక్కణ్ణించి? షేర్ ఆటో నిండేదాకా కూచోవాలి. చీకటి పడ్డాక ఆ ఆటో కూడా ఉండదు. పిల్లవాడి ట్యూషన్ అత్తాపూర్ లో, బ్యాంకు ఇంకో చోట, అత్తగారి బీపీ మాత్రలు ఇంకో చోట. మరి ఇవన్నీ ఎప్పుడు చేస్తాం? “ఆయన వచ్చాక.” మన రోజులో ఈ మాట ఎన్నిసార్లు అంటామో ఒకసారి లెక్క పెట్టుకోండి. కూరలు ఆయన వచ్చాక, పిల్లదానికి నోటు బుక్కులు ఆయన వచ్చాక, కుట్టుకివ్వాల్సిన జాకెట్టు ఆదివారం... అదీ ఆయనకు తీరితే. పాపం ఆయనా తొమ్మిదింటికి ఇల్లు చేరి, బూట్లు విప్పకుండానే మళ్ళీ బయల్దేరాలి. అంచేత ఇది ఆడవాళ్ళ సరదా గురించిన గొడవ కానే కాదు. ఇంటిల్లిపాదీ గంటల లెక్క.

మన చట్టం కూడా మనల్ని వెనక సీట్లోనే ఊహించుకుంది చూశారా! 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఒకటుంది. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చుట్టుకోకుండా, వెనక చక్రంలో కనీసం సగం కప్పేలా రక్షణ ఉండాలని. మనం శారీ గార్డు అనేది దాన్నే. ఎన్నో ప్రాణాలు కాపాడిన నియమం, కాదనలేం. కానీ ముందు కూర్చుని నడిపే మనిషి చీర కట్టుకుని ఉండొచ్చన్న ఆలోచన అందులో ఎక్కడా కనపడదు.

మళ్ళీ బండి తీస్తానని మీరు ఇంట్లో అనండి, ఏం వినపడుతుందో. మొదట నవ్వుతారు. తర్వాత, “నేను దింపుతా కదా, నీకెందుకు శ్రమ?” అంటారు. ప్రేమతోనే అంటారు, సందేహం లేదు. పన్నెండేళ్ళ తర్వాత నేను మళ్ళీ స్కూటరు ఎక్కినప్పుడు మా వీధి చివరి పెద్దావిడ గేటు దగ్గర నిలబడి, “ఇప్పుడెందుకు బిడ్డా నీకు బండి? సార్ ఇడిసిపెడ్తడు గద. పడితే పిల్లలను ఎవరు జూస్తరు?” అని అడిగింది. ఆవిడ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. పడితే పిల్లలనెవరు చూస్తారన్న భయం మన గుండెల్లోనూ ఉంటుంది. అదే బండి మీద రోజూ నలభై కిలోమీటర్లు తిరిగే మగమనిషిని మాత్రం ఈ మాట ఎవరూ అడగరు, ఎందుకనో!

2019లో హైదరాబాద్ నుంచి నలుగురు స్త్రీలు, జై భారతి, పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్, శాంతి, 400 సీసీ మోటారు సైకిళ్ళ మీద బయల్దేరి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చూసి వచ్చారు. మన దేశంతో కలిపి ఆరు దేశాలు, పదిహేడు వేల కిలోమీటర్లు. పియా బహదూర్ ఆ ప్రయాణాన్ని పుస్తకంగా రాశారు. జై భారతి ‘మోవో’ అనే సంస్థ పెట్టి ఆడవాళ్ళకు టూ వీలరూ, ఆటో నడపడమూ నేర్పిస్తున్నారు. మెకాంగ్ నది దాకా వెళ్ళొస్తే పూలదండ వేస్తారు. కిరాణా కొట్టు దాకా వెళ్తానంటే మాత్రం ‘ఎందుకు’ అంటారు. నాకైతే ఈ రెండోదే కష్టమనిపిస్తుంది. నా కథల్లో నాయికలు కోపం వస్తే బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోతారు. రాయడం తేలిక. ఇంట్లో తాళంచెవి ఎవరి ప్యాంటు జేబులో ఉందో వెతుక్కోవడం దగ్గరే అసలు కథ ఉంటుంది.

సౌదీ అరేబియాలో 2018 జూన్ దాకా ఆడవాళ్ళకు డ్రైవింగ్ లైసెన్సే లేదు. మనకు ఏ చట్టమూ అడ్డు చెప్పలేదు. బీరువాలో, పెళ్ళి ఆల్బమ్ కింద లైసెన్సు ఉంది కూడాను.

సరే, నడుపుదామనుకున్నారు. చేతులకు గుర్తుంటుందా అని భయపడతారు. బ్యాలెన్సు పోదు. సైకిలు తొక్కడంలాంటిదే అది, పది నిమిషాల్లో తిరిగొస్తుంది. తిరిగి రానిది రోడ్డు లెక్క. ఎదురొచ్చే కారు ఎంత వేగంతో వస్తోంది, తిరగడానికి నాకు టైముందా అన్న అంచనా మన కాలం నాటిదే ఉండిపోతుంది, రోడ్డు మీద వేగాలు మాత్రం మారిపోయాయి. విమానం అందుకోవాలని పరిగెత్తే కారువాడికి మనం కనపడం. ఎక్స్‌ప్రెస్‌వే మీద టూ వీలర్లకు అనుమతి లేదు. ఔటర్ రింగు రోడ్డు మీదా అంతే, పక్కనున్న సర్వీసు రోడ్డే మనది. అంటే లారీలూ, బస్సులూ, ఆటోలూ ఉన్న కింద రోడ్డులోనే మనం వెళ్ళాలి. ఇప్పుడు కట్టడాలు జోరుగా సాగుతున్నాయి కాబట్టి టిప్పర్లు ఎక్కువ. టిప్పరు ఎడమ పక్కన ఎప్పుడూ నిలబడకండి. ఆ డ్రైవరుకు అక్కడ ఏమీ కనపడదు. అవి రాల్చిన కంకర మీద మలుపులో బ్రేకు వేస్తే బండి జారుతుంది. వేగం మలుపు ముందే తగ్గించుకోవాలి.

బండి కూడా మారింది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న కొత్త స్కూటర్లలో కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, పొద్దున్నే చోక్ లాగే పని లేదు. 2017 నుంచి హెడ్‌లైటు ఇంజనుతో పాటే వెలుగుతుంది, ఆర్పడానికి స్విచ్చు లేదు. ఎదురొచ్చేవాళ్ళు ఇంకా కొందరు “మేడం, లైటు!” అని వేళ్ళు ఆడిస్తూనే ఉంటారు, కంగారు పడకండి. 2019 తర్వాతి స్కూటర్లలో చాలావాటికి ఎడమ చేతి బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పడుతుంది. మన పాత బండిలో అది వెనక చక్రానికే పట్టేది, అందుకని మొదటి రోజు బండి అనుకున్నదానికన్నా గట్టిగా ఆగి ఉలిక్కిపడేలా చేస్తుంది. ఖాళీ చోట నాలుగైదుసార్లు ఆపి చూసుకుంటే అలవాటవుతుంది. ఎలక్ట్రిక్ స్కూటరైతే ఇంకో జాగ్రత్త. చప్పుడు లేదు కదా, ఆఫ్ లో ఉందనుకుంటాం. ముందు నిలబెట్టిన పిల్లవాడు యాక్సిలరేటరు తిప్పాడా, ఒక్కసారిగా దూకుతుంది. అసలు పిల్లల్ని ముందు నిలబెట్టుకునే రోజులు పోవాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్టు, మనకు కట్టుకునే బెల్టు ఉండాలనీ, వాళ్ళు బండి మీద ఉంటే నలభై దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుంచి నియమం వచ్చింది.

డబుల్ స్టాండు అంటే చాలామందికి బెరుకు. చేతుల బలంతో బండిని లేపబోతాం, నడుము పట్టేస్తుంది. స్టాండు మీద కుడి కాలు పెట్టి ఒంటి బరువంతా అక్కడ వేయండి, బండి తనంత తానే లేస్తుంది. చున్నీని వెనక్కి ముడేసి లోపలికి దోపుకోండి. పాత హెల్మెట్టు అటక మీద నుంచి దింపారా? లోపలి థర్మకోలు పెళుసెక్కి ఉంటుంది, పనికిరాదు. ఐఎస్ఐ మార్కున్నది కొత్తది కొనండి, మీ తలకు సరిపోయేది. ఆయనది వదులుగా ఉంటే పెట్టుకున్నా పెట్టుకోనట్టే.

ఇక బీరువాలోని ఆ లైసెన్సు తీయండి. పాత చట్టం ప్రకారం ఇరవై ఏళ్ళు, లేదా యాభై ఏళ్ళు నిండేదాకా, ఏది ముందైతే అది. 2005లో కాలేజీలో ఉండగా తీసుకున్నవారి గడువు 2025తో అయిపోయింది. 2019 సవరణ తర్వాత, గడువు దాటి ఏడాదిలోపు వెళ్తే రెన్యువల్ చేస్తారు. ఏడాది దాటితే మళ్ళీ టెస్టు పాసవ్వాల్సిందే. నలభై దాటినవారు డాక్టరు సర్టిఫికెట్టు కూడా ఇవ్వాలి. ఇంకో మాట, గేర్లు లేని బండికని తీసుకున్న లైసెన్సుతో ఇంట్లో ఉన్న మోటారు సైకిలు నడపకూడదు. క్లచ్చు, గేర్లు కొత్తగా నేర్చుకోవాలనుంటే దానికి వేరే ఎల్ఎల్ఆర్ తీసుకోవాలి.

ఇన్సూరెన్సు కాగితం కూడా చదవండి. ప్రమాదంలో ప్రాణం పోతే పదిహేను లక్షలు వచ్చే వ్యక్తిగత బీమా, బండి యజమాని అయి ఉండి, లైసెన్సుతో నడిపేవారిని దృష్టిలో పెట్టుకుని ఇచ్చేది. ఆర్‌సీ ఆయన పేరున ఉండి రోజూ నడిపేది మీరైతే అది మీకు ఎంతవరకు వర్తిస్తుందో ఏజెంటును నిలదీసి అడగండి. కొత్త బండి కొనే ఆలోచన ఉంటే, ఆర్‌సీ మీ పేరున రాయించమని అడగడానికి మొహమాటపడకండి. స్టవ్వు, మిక్సీ మనవని అందరూ ఒప్పుకుంటారు. స్కూటరు మనదని కాగితం మీద ఉంటే తప్పేమిటి? అప్పుడు అబ్బాయి తాళంచెవి అడిగి తీసుకుంటాడు.

ఎల్ఎల్ఆర్ వచ్చాక టెస్టుకు ముప్ఫై రోజులు ఆగాలి, ఆరు నెలల్లోపు వెళ్ళాలి. ఆ ఎల్ బోర్డు ఉన్నన్నాళ్ళూ వెనక పిల్లల్ని ఎక్కించుకోకూడదు. ఈ ముప్ఫై రోజులూ పొద్దున్నే పాల ప్యాకెట్లు వచ్చే వేళకి లేవగలిగితే బావుంటుంది. మా వైపు కొత్త లేఅవుట్లలో రోడ్లు వేసి, ఇళ్ళింకా కట్టని వీధులు బోలెడు. ఆ వేళలో అక్కడ కుక్కలూ, వాకింగ్ కి వచ్చిన పెద్దవాళ్ళూ తప్ప ఎవరుంటారు? మొదటి వారం నెమ్మదిగా ఎనిమిది అంకె తిప్పడం, ఆపడం, మళ్ళీ కదలడం. రెండో వారం కిరాణా కొట్టు దాకా. ఆరాంఘర్ చౌరస్తా నాలుగో వారంలో, అదీ ఆదివారం ఉదయం. ఇంట్లో టిఫిను కాస్త ఆలస్యమవుతుంది, ముందే చెప్పి ఉంచండి.