కంపెనీ వైద్యుని రెండు నాలుకలు

మొన్న ఒక సభ ముగిసిన పిమ్మట, మనీలాలో నావికులను ఓడలకెక్కించు వ్యాపారమందు కొన్నాళ్లు పనిచేసి వచ్చిన పెద్దమనిషి యొకరు, కాఫీ చల్లార్చుకొనుచు, “ఫిలిప్పీన్స్ నావికునికి నడుము నొప్పియే లాటరీ టిక్కెట్టండీ” అని సెలవిచ్చిరి. చుట్టునున్నవారు నవ్విరి. నాకు మాత్రము కాఫీ గొంతు దిగలేదు.

నావికుల పరిహారపు వ్యాజ్యములన్నియు దొంగజబ్బులనియు, ప్లీడర్లు పొంచియుండి పుట్టించినవనియు ఓడల యజమానులు చిరకాలముగా పాడుచున్న పాటయే యిది. ఆ పాటకు తాళము వేయుచు అచ్చటి ప్రభుత్వము 2015లో ప్లీడరు ఫీజు దక్కిన పరిహారములో 10 శాతము మించరాదన్నది. 2024 సెప్టెంబరులో అధ్యక్షుడు మార్కోస్ సంతకము చేసిన ‘నావికుల మాగ్నా కార్టా’ చట్టమైతే, గెలిచిన నావికుడు అప్పీలు తేలకముందే వివాదపు సొమ్మందుకొనవలెనన్న తానే పూచీకత్తు కట్టవలెనన్నది. మంచమెక్కినవాడు పూచీ తేవలెనట! అంత తేగలవాడు ఆలుబిడ్డలను విడిచి నెలల తరబడి నీళ్లమీద ఏల యుండును?

ప్లీడర్ల మాట యటుంచి, కంపెనీ వైద్యుని చూడుడు. ఓడ యెక్కకముందు కంపెనీ చెప్పిన క్లినిక్కులో రక్తము, మూత్రము, ఎక్స్‌రే చూచి ‘సముద్రసేవకు యోగ్యుడు’ అని ముద్ర వేయుదురు. అతడే ఇంజను గదిలో ఉడికి, గుండె పట్టుకొని దిగివచ్చిననాడు ‘ఈ జబ్బు మునుపే యున్నది’ అందురు. మునుపటి ముద్ర మాటేమనిన, అది పైపై పరీక్షయట. న్యాయస్థానములును పలుమారు ఆ మాటకే తలయూపినవి. ఎద్దును కొనువాడు పళ్లు పట్టి చూచి, నడిపించి చూచి, తోలుకొనిపోయి, రెండు కార్లు దున్నించుకొని, పిదప ‘ఇది ముసలిది, నా సొమ్మిమ్ము’ అని వచ్చినచో సంతలో నిలువనిత్తురా?

దిగిన 3 పనిదినములలో నావికుడు ఆ వైద్యుని యెదుటనే నిలువవలెను. అతని తీర్పునకు గడువు 120 దినములు. చికిత్స మిగిలియున్నచో 240 వరకు సాగవచ్చునని 2008లో అచ్చటి సుప్రీంకోర్టు చెప్పినది. గడువు దాటినను అతడు పలుకకున్న శాశ్వతవైకల్యమే యగును, నిజమే. కాని ముందురోజున ‘పనికి తగును’ అని వ్రాయుటకు ఎంత సిరా కావలెను? నావికుల కొలువునకు గల నమూనా ఒప్పందములో వైకల్యము 14 తరగతులు: మొదటిదానికి 60,000 డాలర్లు, తుదిదానికి 1,870. ఈ రెంటి నడుమ కదలు కలము కంపెనీ జీతముపై నడచునది. నావికుని వైద్యుడు కాదన్నచో ఇరుపక్షములు కోరుకొన్న మూడవ వైద్యుని మాట తిరుగులేనిది. అయితే అతనిని కోరవలసిన భారము రోగిదే. కోరనిచో మొదటి కలమే గెలుచును.

వ్యాజ్యములు ఇట్లే సాగినచో ఓడలవారు వేరు దేశముల నావికులను వెదకికొందురని బెదరింపు. వెదకికొననిండు, వారికి మాత్రము నడుములు లేవా?

ఆ మూడవ వైద్యునే మొదటివానిగా చేసిన సరి. అతనినెవరు నియమింపవలెనో, జీతమెవరియ్యవలెనో తెలిసినవారు తేల్చుకొందురు గాక. నేను మాత్రము ఆ పెద్దమనిషి మరల కనబడినచో, 1,870 డాలర్లకు తమ నడుమును ఇత్తురా యని అడుగదలచితిని.