అన్నయ్యకు దండ వేశాం, మైకు మాత్రం దాచుకున్నాం

ఈ వ్యాసం కొందరికి కష్టం కలిగిస్తుందని తెలిసే రాస్తున్నాను. ఆ కష్టం మొదట కలిగింది నాకేనని గమనించ ప్రార్థన.

గత ఫిబ్రవరిలో మనం హేస్‌లో రేడియో అన్నయ్య సంస్మరణ సభ జరుపుకున్నాం. న్యాయపతి రాఘవరావు గారి ఫొటోకి దండ వేశాం. దీపం వెలిగించాం. ఏడుగురం పెద్దవాళ్ళం మాట్లాడాం. ఆ ఏడుగురిలో నేనొకదాన్ని. నాకిచ్చింది అయిదు నిమిషాలు, నేను తీసుకున్నది పద్దెనిమిది. పిల్లలకి అర్థం కావాలి కదా అంటూ మాలో ముగ్గురం సగం ఇంగ్లీషులోనే కానిచ్చాం. ఆ పిల్లలేమో హాలు వెనక వరసల్లో తలలు వంచుకుని ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు.

మా ఎనిమిదేళ్ళ పిల్ల వారం రోజులు తంటాలు పడి ఒక వేమన పద్యం నేర్చుకుంది. తన వంతు వస్తుందని మూడు గంటలు కూర్చుంది. చివరికి, "టైమయిపోయింది, హాలు తాళాలు ఇచ్చెయ్యాలి, పిల్లల అయిటములు వచ్చే సభకి పెట్టుకుందాం" అన్నారు. అన్నదెవరని అడక్కండి. ఆ టైము తినేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను కనుక వేలు చూపే హక్కు నాకు లేదు.

కారులో ఇంటికొస్తుంటే పిల్ల అడిగింది: "అమ్మా, ఆ ఫొటోలో తాతగారు పిల్లల్ని మాట్లాడనిచ్చేవారా?"

"అవునమ్మా, అందుకే ఆయనంటే అందరికీ అంత ఇష్టం."

"మరి మీరంతా ఎందుకు ఇవ్వలేదు?"

నా దగ్గర జవాబు లేదు. ఉంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు.

అన్నయ్య ఎవరో, ఏం చేశారో ఆ సభలో ఏడుగురం ఏడు రకాలుగా చెప్పాం. 1905లో పుట్టారు. ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో భార్య కామేశ్వరి గారితో కలిసి పిల్లల కార్యక్రమాలు నడిపారు. ఆయన అన్నయ్య, ఆవిడ అక్కయ్య. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో "బాల" పత్రిక తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు చేరి అక్కడా అదే పని చేశారు. 1980లో అక్కయ్య, 1984 ఫిబ్రవరిలో అన్నయ్య కన్నుమూశారు. ఇవన్నీ చెప్పాం. ఆయన గొంతు ఎంత తియ్యనిదో పావుగంట చెప్పాం.

నేను అప్పటికి పుట్టనైనా లేదు. ఆ గొంతు నేను వినలేదు. విన్నది మా అమ్మ, నల్గొండలో, పక్కింటివాళ్ళ రేడియో ముందు కూర్చుని. సభ అయిన మర్నాడు అమ్మకి ఫోను చేసి, నీకు బాగా గుర్తున్నదేమిటని అడిగాను. అన్నయ్య చెప్పిన కథ ఏదో చెబుతుందనుకున్నాను. అమ్మ చెప్పింది వేరు. తన ఈడు పిల్ల ఎవరో నత్తినత్తిగా పద్యం చదివిందట. "ఆ పిల్ల రేడియోలో మాట్లాడగా లేనిది నేను మాత్రం ఎందుకు మాట్లాడకూడదు" అనిపించిందట. అరవై ఏళ్ళు కావస్తున్నా ఆమెకి గుర్తున్నది అది.

అన్నయ్య గొప్పతనం అక్కడుంది. నిలయ విద్వాంసుల పక్కన, వార్తలు చదివేవారి పక్కన, పాలపళ్ళు ఊడిన పిల్లకీ మైకు ముందు చోటు ఉందన్నారు ఆయన. "బాల"లో కూడా అంతే. 1945లో ఆ పత్రికలో "అమ్మ మాట వినకపోతే" అనే కథ అచ్చయింది. రాసిన కుర్రవాడికి పద్నాలుగేళ్ళు. పేరు ముళ్ళపూడి వెంకటరమణ. తర్వాత ఆయన ఏమయ్యారో మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు ఎవరైనా "నీకింకా భాష రాలేదు, పెద్దయ్యాక రా" అని ఉంటే మనకి బుడుగు ఉండేవాడా?

మనం చేసింది ఏమిటి? దేవుడికి నైవేద్యం చూపించి పళ్ళెం మనవైపు లాక్కున్నాం. పిల్లలకి మైకిచ్చిన మనిషి పేరు చెప్పి, పిల్లలకి మైకు లేకుండా చేశాం.

పోనీ, గొంతు విలువ తెలియని ఊళ్ళో ఉన్నామా అంటే అదీ కాదు. గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ ఈ హేస్‌లోనే ఉండేది. 1907లో గాయని నెల్లీ మెల్బా వచ్చి దానికి శంకుస్థాపన చేసింది. బీటిల్స్ రికార్డులు ఇక్కడే అచ్చయ్యాయి. మన తాతల ఇళ్ళలో కుక్కబొమ్మ రికార్డులు ఉండేవే, అవి ఈ కంపెనీవే. ఆ కంపెనీ మనుషులు 1902లోనే కలకత్తా దాకా వెళ్ళి గౌహర్ జాన్ పాట రికార్డు చేసుకొచ్చారు. ఎక్కడో ఉన్న గొంతు కోసం వాళ్ళు ఓడెక్కి సముద్రాలు దాటారు. ఆ ఫ్యాక్టరీ స్థలంలో ఇప్పుడు ఫ్లాట్లు లేచాయి. ఆ ఊళ్ళోనే కాపురముంటున్న మనం, హాలు వెనక వరసలో ఉన్న గొంతు దగ్గరికి ఇరవై అడుగులు నడవలేకపోయాం.

ఈ మాట అంటే నాకు వచ్చే జవాబులు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

"రెండు భాషలు కలిస్తే పిల్లకి మాట ఆలస్యమవుతుంది, చదువు చెడుతుంది" అంటారు. డాక్టరుగా నిక్కచ్చిగా చెబుతున్నాను, ఇది నిజం కాదు. రెండు భాషలు వినడం వల్ల మాటల జబ్బు రాదు. పిల్లలు ఒకే వాక్యంలో రెండు భాషలూ కలిపితే అది జబ్బు లక్షణం కాదు, నేర్చుకుంటున్న గుర్తు. నిజంగా మాట ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష చేయించండి, స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. ఇంట్లో తెలుగు మానెయ్యడం మాత్రం వైద్యం కాదు. పుట్టి మూడు రోజులైనా నిండని పసికందు పరాయి గొంతుకన్నా తల్లి గొంతునే కోరుకుంటుందని 1980లోనే పరిశోధకులు చూపించారు. ఆ తల్లి గొంతుకి ఒక భాష ఉంటుంది. దాన్ని దాచి, మనకే సరిగా పట్టుబడని యాసలో బిడ్డతో మాట్లాడితే బిడ్డకి దక్కేదేమిటి?

"మా వాడికి తెలుగు సరిగా రాదు, అందరూ నవ్వుతారు" అంటారు. నవ్వేది ఎవరు? మనమే. పిల్లాడు "కళ్ళు" అనబోయి "కల్లు" అంటే హాలంతా ఘొల్లుమంటుంది. వాడు మళ్ళీ నోరు తెరవడు. మనం ఆస్పత్రుల్లో చేరిన కొత్తలో ఫోను ఎత్తాలంటే ఎంత భయపడ్డామో మరిచిపోయామా? అవతలివాళ్ళు "పార్డన్?" అంటే మన గొంతు ఎంత ఎండిపోయేది! ఆ ఎండిపోవడం మన బిడ్డలకి మన భాషలోనే రుచి చూపిస్తున్నాం.

"డ్యూటీలతో చస్తున్నాం, టైమెక్కడ?" అంటారు. నాకూ నైట్ డ్యూటీలున్నాయి. అయినా పద్దెనిమిది నిమిషాల ఉపన్యాసం తయారు చేసుకోవడానికి రెండు సాయంత్రాలు దొరికాయి.

"అన్నయ్యలాంటి వాళ్ళు మళ్ళీ పుట్టరు" అనేది చివరి మాట. వినడానికి భక్తిగా ఉంటుంది గాని, ఇది తప్పించుకునే మాట. హైదరాబాదు కేంద్రంలోనే తర్వాత తురగా జానకీరాణి గారు పిల్లల కార్యక్రమాలు నడిపారు, వినేవాళ్ళు ఆవిడనీ రేడియో అక్కయ్య అనే పిలిచారు. ఆవిడ 2014లో పోయారు. అక్కయ్య అన్నది ఒక మనిషితో పోయే బిరుదు కాదు, ఎవరో ఒకరు కూర్చుని చెయ్యాల్సిన పని. ఆ కుర్చీ హేస్‌లో ఖాళీగా ఉంది. దాని పక్కన ఫొటో పెట్టి దండ వేసినంత మాత్రాన అది నిండదు.

కనుక నా మనవి ఇది. వచ్చే ఉగాది సభలో మొదటి గంట పిల్లలది. పెద్దల ఉపన్యాసాలన్నీ కలిపి ఇరవై నిమిషాలు. నా వంతు నేను వదులుకుంటున్నాను. ప్రైజులు వద్దు, ఫస్టు సెకండు వద్దు. కథో, పద్యమో, పొడుపుకథో, బళ్ళో జరిగిన గొడవో, ఏదైనా సరే తెలుగులో చెప్పాలి. మాట తట్టకపోతే పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు నెమ్మదిగా అందించాలి. తప్పుకి నవ్వినవాళ్ళని బయటికి పంపాలి, కమిటీవారైనా సరే. ప్రతి పిల్ల గొంతూ రికార్డు చేసి సంఘం దాచిపెట్టాలి. ఆ కుర్చీలో నెలకొకరం కూర్చుందాం. మొదటి నెల నేను కూర్చుంటాను.

ఇది కుదరదంటే, వచ్చే ఫిబ్రవరిలో దయచేసి అన్నయ్య ఫొటో బయటికి తియ్యకండి. మన ఉపన్యాసాలు మనం ఇచ్చుకోవడానికి ఆయన పేరు అక్కర్లేదు.

పిల్లల పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వండి. మొదట మా పిల్ల పేరు రాసుకోమని కోరుతున్నాను. పద్యం ఇంకా గుర్తుంది. రెండో పాదంలో ఇప్పటికీ తడబడుతోంది. దిద్దమంటే దిద్దగలను గాని, ఉగాది దాకా అలాగే ఉండనిస్తున్నాను.