టీకాకు పగ్గం వేస్తున్నదెవరు?

బ్రిటన్‌లో 1950ల్లో బడి ముగించే వయసు పిల్లలకు క్షయ టీకా బీసీజీ వేస్తే 75 శాతానికి పైగా రక్షణ దక్కింది. అదే టీకాను 1968లో మొదలుపెట్టి మన దేశంలోని చెంగల్పట్టు జిల్లాలో లక్షల మందిపై పరీక్షించారు. పదిహేనేళ్లు గమనించాక, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని తేలింది. పసిపిల్లలను మెదడుపొరల క్షయ నుంచి మాత్రం కాపాడుతుంది కాబట్టి పుట్టగానే వేయించి తీరాలి. 1948లోనే మదనపల్లెలో బీసీజీ వేయడం మొదలైంది. పెద్దవాళ్ల విషయంలో ఇన్నేళ్లకూ మనకు తెల్లవారలేదు.

మట్టిలో, నీళ్లలో ఉండే క్షయక్రిమి దాయాదులకు మన ఒళ్లు ముందే అలవాటు పడిందన్నది ఈ వైఫల్యానికి ఎక్కువగా వినిపించే కారణం. అది నిజమే కావచ్చు. నాకు మాత్రం నియంత్రక టి-కణాలను కూడా లెక్కలోకి తీసుకోవాలనిపిస్తుంది. మన రక్షణ కణాలు మన ఒంటి మీదే దాడి చేయకుండా అదుపులో ఉంచేవి ఇవే. 1995లో వీటిని గుర్తించిన షిమోన్ సకగుచికి, మరో ఇద్దరికీ కలిపి 2025లో నోబెల్ ఇచ్చారు. క్షయ సోకిన ఎలుకల్లో ఈ కణాలు పోరాడే టి-కణాలను ఊపిరితిత్తులకు ఆలస్యంగా చేరనిస్తాయి. ఆ వ్యవధిలో క్రిమి పెరిగిపోతుంది.

అలాగైతే టీకా వేసేటప్పుడు వీటిని తొలగిస్తే సరిపోదా? ఎలుకల్లో ఆ ప్రయత్నం జరిగింది. స్పందన పెరిగింది గానీ రక్షణ ఆ మేరకు పెరగలేదు. పీడీ-1 అనే మరో అదుపు లేని ఎలుకలైతే క్షయకు త్వరగా చనిపోయాయి. పీడీ-1ను అడ్డుకునే మందులు వాడిన కొందరు క్యాన్సర్ రోగులకు క్షయ బయటపడింది. ఊపిరితిత్తుల్లో గుంతలు పడటంలో మన రక్షణ కణాల ఆవేశానికీ పాత్ర ఉంది. అందుకే ఈ అదుపును శత్రువుగా చూడటం నాకు సమ్మతం కాదు.

రక్షణ కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్-గామా పెరిగితే చాలు, టీకా పనిచేసినట్టేనని నమ్మే అలవాటు మారాలి. ఎంవీఏ85ఏ టీకా దక్షిణాఫ్రికా పసిపిల్లల్లో రక్షణ కణాలను కదిలించింది, క్షయను మాత్రం ఆపలేకపోయింది. 2013లో ఆ ఫలితం వచ్చింది. ప్రపంచ క్షయ కేసుల్లో నాలుగో వంతు మన దేశానివే. ఇక్కడ పరీక్షించే ప్రతి టీకాకూ ముందూ వెనకా పాల్గొన్నవారి రక్తంలో నియంత్రక కణాలను కొలవాలి. మట్టిలో, నీళ్లలో ఉండే క్రిములతో పరిచయం వేరుగా ఉండొచ్చు కాబట్టి పల్లెల్లో పెరిగినవారినీ, పట్నంలో పెరిగినవారినీ విడివిడిగా చూడాలి. ఖర్చవుతుంది, నిజమే. పదిహేనేళ్లు ఎదురుచూసి విఫలమైందని తెలుసుకోవడం అంతకన్నా ఖరీదైన పని.