జేబులో ఉల్లిపాయ, నెత్తిన ఎండ

రోహిణి కార్తెలో పొలానికో ఉపాధి హామీ పనికో వెళ్ళేవారు జేబులోనో తలపాగా మడతలోనో ఉల్లిపాయ పెట్టుకుంటే, ఒంటికి చేరే వేడినంతా అదే లాగేసుకుని వడదెబ్బ తగలనివ్వదన్న నమ్మకం తెలుగునాట అంతటా ఉన్నదే. ఇది దైవలీల ఊసెత్తక వేడిని గురించి మాట్లాడుతుంది కనుక లెక్కకు దొరుకుతుంది.

గజపతినగరం ప్రాంతంలో ఆ రోజుల్లో మధ్యాహ్నానికి సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆకాశం తేటగా ఉంటే, కిరణాలకు ఎదురుగా ఉన్న చదరపు మీటరుపై సెకనుకు సుమారు 900 జౌళ్ళ శక్తి, అంటే 900 వాట్లు పడుతుంది. నిటారుగా నిలబడినవారి నెత్తి, భుజాలే దానికి ఎదురవుతాయి కాబట్టి ఎండ తగిలే మేర చదరపు మీటరులో అయిదో వంతు ఉంటుంది. నడుం వంచి పారపని చేసేవారు వీపంతా అప్పగిస్తారు కనుక అది రెట్టింపవుతుంది. అందులో మూడింట రెండు వంతులు ఒంట్లోకి ఇంకితే 240 వాట్లు. ఆకాశపు వెలుగు, నేల మీంచి కొట్టే సెగ కలిపితే 300 దాకా వస్తుంది.

నూరు గ్రాముల ఉల్లి 10 డిగ్రీలు వేడెక్కడానికి పట్టేది దాదాపు 3,800 జౌళ్ళు, అనగా 13 సెకన్ల ఎండ. సాయంత్రానికి అది వాడిపోవడమే సాక్ష్యమంటారా, 10 గ్రాముల నీరు ఆవిరైందనుకున్నా ఖర్చయ్యే 24,000 జౌళ్ళు 80 సెకన్లకు సరి. మిగిలిన పూటంతా వేడిని లాగినదెవరు?

చెమట. లీటరు చెమట చర్మం మీద ఆరితే సుమారు 24 లక్షల జౌళ్ళను తీసుకుపోతుంది కాబట్టి, కండరాల వేడి మాట అటుంచి, ఎండ వేడికే గంటకు అర లీటరు దాకా కావాలి. సముద్రపు తేమ సోకే ఈ నేలలో చెమట ఆరక కారిపోతుంది, కారినది చల్లబరచదు. నీడపట్టున ఉన్న ముసలివారికీ వడదెబ్బ తగలడం అందుకే. ఉప్పు వేసిన చోడంబలి, ఉల్లిని మోసిన తలపాగా చేసిన మేలు కూడా ఉల్లి ఖాతాలోనే పడుతోంది.

పైసా ఖర్చులేని నమ్మకంతో నష్టమేమిటని అడిగేవారున్నారు. ఒంటివేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడుతున్న మనిషి అరికాళ్ళకు ఉల్లిరసం రాస్తూ గడిపే పది నిమిషాలే ఆ నష్టం; ఆ వ్యవధిలో 108కి ఫోన్ చేసి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడుపుతూ విసరవలసి ఉంటుంది.