వందరోజులాడని పెట్టె

శుక్రవారం మార్నింగ్ షో విడిచేసరికి సినిమా జాతకం తేలిపోతుంది. గేటు పక్కన నిలబడి బయటికొచ్చేవాళ్ల ముఖాలు చూస్తే చాలు, ఇంకెవర్నీ అడగక్కర్లేదు. ఇప్పుడైతే అంత ఓపిక కూడా లేదు. ఇంటర్వెల్ కాకముందే ఫోన్లలో తీర్పు వచ్చేస్తోంది. "పోయిందిరా!" అని ఒక్క మాట. అంతే! రెండేళ్లు వందలమంది పడ్డ కష్టం ఆ ఒక్క మాటతో అటకెక్కుతుంది.

సరే, పోయినవన్నీ నిజంగా పోయినట్టేనా? 2010లో వచ్చిన 'ఆరెంజ్', 'ఖలేజా' సంగతి మీకు చెప్పాలా! అప్పుడు ఖాళీ కుర్చీలకు ఆడిన బొమ్మలు. 2023లో 'ఆరెంజ్', 2025లో 'ఖలేజా' మళ్లీ వేస్తే థియేటర్లలో కాగితాల వాన కురిసింది. రీ-రిలీజులో ఈలలు వేసినవాళ్లలో సగంమంది మొదటిసారి ఆ సినిమా వచ్చినప్పుడు పలకా బలపం పట్టినవాళ్లే!

ఈ వారం మాత్రం సినిమా ముచ్చట కాదు. సినిమా కథను మించిన ఒక పెట్టె కథ. దాని పేరు డ్రీమ్‌కాస్ట్. టీవీకి తగిలించుకుని ఆడుకునే వీడియోగేమ్ మెషీను. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో మా ఇంట్లో వెలిగిన పెట్టె.

★

ముందు దాని ఫ్లాష్‌బ్యాక్ వినండి. జపాన్‌లో సెగా అని ఓ కంపెనీ. మన దేశానికీ పాత చుట్టమే. 1995లో ఆ కంపెనీ మెగా డ్రైవ్ అనే మెషీను మన దగ్గర షా వాలెస్ సంస్థ ద్వారా అమ్మకానికొచ్చింది. ధర 18 వేల రూపాయలు! ఆ రోజుల్లో 18 వేలంటే మామూలు ఉద్యోగస్తుడు దుకాణం మెట్లు కూడా ఎక్కడు. అందుకే మా వీధి పిల్లలకు తెలిసిందల్లా నకలు పెట్టెలు, వాటిలో 'క్యాసెట్టు' పెట్టి ఆడే మారియో, కాంట్రా... అంతే.

అదే సెగా 1998 నవంబరు 27న జపాన్‌లో డ్రీమ్‌కాస్ట్‌ను విడుదల చేసింది. అమెరికాలో 1999 సెప్టెంబరు 9న. అంటే 9-9-99 అన్నమాట. ముహూర్తం పెట్టినవాడెవడో గట్టివాడే! ధర 199 డాలర్లు. ఓపెనింగ్స్ అదిరిపోయాయి. వినోద వ్యాపారంలో ఒక్కరోజులో ఇంత వసూలు ఎన్నడూ లేదని ఆ కంపెనీవాళ్లు చాటుకున్నారు. పుట్టుకతోనే మోడెమ్‌తో వచ్చింది, ఫోను తీగ తగిలిస్తే దేశంలో ఎక్కడున్నవాడితోనైనా ఆడొచ్చు. నలుగురు ఒకేసారి ఆడుకోవడానికి నాలుగు సాకెట్లు. రిమోటు నడిబొడ్డున ఇమిడిపోయే చిన్న మెమరీ ముక్క, దానికో బుల్లి తెర! 'షెన్మూ' అనే ఆటలోనైతే వాన కురిసేది, పొద్దు గూకేది, దుకాణాలు మూసేవాళ్లు. పోట్లాట పక్కనపెట్టి ఊరంతా తిరిగి రావొచ్చు.

మరి ఎందుకు పోయిందంటారా? 2000 మార్చిలో సోనీవారి ప్లేస్టేషన్-2 దిగింది. దాంట్లో డీవీడీ సినిమాలు కూడా చూడొచ్చు. ఆట ప్లస్ సినిమా, ఒకే టికెట్టు! జనం దానికోసం డబ్బులు దాచుకుని కూర్చున్నారు. పెద్ద పెద్ద క్రీడల ఆటలు తీసే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ డ్రీమ్‌కాస్ట్‌కు ఒక్క ఆటా ఇవ్వలేదు. పెద్ద హీరో డేట్లివ్వకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా పైరసీ! మామూలు సీడీ మీద కాపీ కొట్టిన ఆట కూడా అందులో ఆడేసేది. సెగా అంతకుముందు తీసిన పెట్టెలు కూడా దెబ్బతిని ఉండటంతో చేతిలో డబ్బు లేదు.

2001 జనవరి 31న సెగా చేతులెత్తేసింది. మార్చి తర్వాత ఈ పెట్టెలు తయారు చేయబోమని ప్రకటించింది. మొత్తం అమ్మినవి 91 లక్షల 30 వేలు. ప్లేస్టేషన్-2 మాత్రం తన జీవితకాలంలో 15 కోట్లు దాటింది.

ఇందులో ఒక నిర్మాత ఉన్నాడు. పేరు ఇసావో ఒకావా, సెగా అధ్యక్షుడు. ఆఖరి రోజుల్లో కంపెనీకి తానిచ్చిన అప్పులు మాఫీ చేసి, తన వాటాలు కూడా తిరిగిచ్చేశాడు. అన్నీ కలిపి దాదాపు 69 కోట్ల 50 లక్షల డాలర్లు! 2001 మార్చి 16న కన్నుమూశాడు. పొలాలమ్మి సినిమా పూర్తిచేసిన నిర్మాతల గురించి మనం విన్నాం. ఈయన ఆ కోవవాడే, కాకపోతే అంకెలో సున్నాలు ఎక్కువ.

★

ఇక మా సీను.

మా పెద్దమ్మ కొడుకు, మాకు పెద్దన్న. ఊరు జనగామ. 2000లో కంప్యూటరు ఉద్యోగం మీద అమెరికా వెళ్లాడు. వెళ్లినప్పుడు సికింద్రాబాదు దాకా సాగనంపడానికి ఓ బోగీ నిండా చుట్టాలం! ఏడాది తిరిగేసరికి అక్కడ కంపెనీలు పేకమేడల్లా కూలాయి. అన్నకు పని పోయింది. కొన్నాళ్లు 'బెంచీ' మీద ఉన్నాడు. బెంచీ అంటే మన నేలక్లాసు బెంచీ కాదు, జీతం లేకుండా పనికోసం ఎదురుచూడటం. ఆ వీసా మీద పని లేకపోతే ఉండనివ్వరు. 2002లో సంక్రాంతి వెళ్లాక తిరిగొచ్చేశాడు.

జనగామలో నాలుగు రోజులు కూడా ఉండలేకపోయాడు. గడప దాటితే ఒకటే ప్రశ్న, "మళ్లెప్పుడు పోతవ్ బిడ్డా?" అంతకుముందు పెద్దమ్మ ఇంటికి వరసకట్టిన సంబంధాలవాళ్లు ఒక్కరూ తిరిగి చూడలేదు. ఒక పెద్దమనిషైతే మొహం మీదే అన్నాడట, "అమెరికా పోయి గూడ ఉత్త చేతులతోని అచ్చినవా?" అని.

ఉత్త చేతులేం కాదు. చేతిలో ఓ సూట్‌కేసు, అందులో బట్టల మధ్య ఓ తెల్ల పెట్టె. 199 డాలర్ల ఆ డ్రీమ్‌కాస్ట్‌ను 2001 చివరికి 50 డాలర్లకు దులిపేశారు. మన లెక్కలో రెండువేల నాలుగొందలు. వచ్చే ముందు మా కోసం కొన్నాడు. "నన్నూ దీన్నీ ఒక్కతాపనే తీసేసిన్రురా" అన్నాడు నవ్వుతూ. నాకప్పుడు పద్నాలుగో ఏడు. నవ్వేశాను.

ఆ రాత్రి ప్లగ్గు పెట్టబోతుంటే మా బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు! ఎన్క ఏం రాసిందో సూడు." బాపు రైల్వేలో రైలుపెట్టెల లైట్లు, ఫ్యాన్లు చూసే ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసేవాడు. పెట్టె వెనక 120 వోల్టులని ఉంది. మన గోడలో 230. పెడితే టప్పున పేలి, కథ టైటిల్స్ పడకముందే శుభం కార్డు! "మా రైలుపెట్టెల 110 వోల్టులే ఉంటది గని, అది డీసీ. ఇది ఏసీ. దీనికి స్టెప్‌డౌన్ గావాలె" అన్నాడు.

మర్నాడు బాపు డ్యూటీకి సెలవు పెట్టి కృష్ణా ఎక్స్‌ప్రెస్సెక్కాడు. సాయంత్రానికి హైదరాబాదు కోఠీ నుంచి ఇటుక బరువున్న ట్రాన్స్‌ఫార్మరు తెచ్చాడు. స్కూలు టూరుకు యాభై రూపాయలడిగితే పదిసార్లు ఆలోచించే మనిషి! మాకు నోట మాట రాలేదు.

టీవీ వెలిగింది. బొమ్మ వచ్చింది. కానీ... బ్లాక్ అండ్ వైట్! మాది రంగుల టీవీయే సుమా. అమెరికా పెట్టె పంపే రంగుల పద్ధతి వేరు, మన టీవీల పద్ధతి వేరు. మా పాత సెట్టుకు ఆ భాష రాదు. అట్ట మీద నీలంగా మెరిసే సోనిక్ తెర మీద బూడిద పూసుకున్నట్టు ఉరికేవాడు. అయినా మా వరండా హౌస్‌ఫుల్! చెప్పులు లెక్కపెడితే ఇరవై జతలకు తక్కువుండేవి కావు. టికెట్టు లేదు గానీ వరస తప్పినవాడికి వీపు విమానం మోతే.

అందరికీ ఇష్టమైన ఆట 'క్రేజీ టాక్సీ'. శాన్ ఫ్రాన్సిస్కో పోలికలున్న ఊళ్లో టాక్సీ తోలాలి. ఎత్తులూ పల్లాలూ, మధ్యలో ట్రాము బండ్లు, చివర్న సముద్రం. ఒకరు చర్చికి పొమ్మంటారు, ఇంకొకరు పిజ్జా హట్‌కు. పిజ్జా అనే వస్తువును నోట పెట్టకముందే దాని దుకాణానికి దారి నేర్చుకున్నవాళ్లం మేం! టైము దాటితే ప్యాసింజరు తిట్టుకుంటూ దూకేస్తాడు.

పెద్దన్న మాత్రం వింతగా ఆడేవాడు. ప్యాసింజర్లను ఎక్కించుకునేవాడే కాదు. ఖాళీ టాక్సీతో ఊరంతా తిరిగి, సముద్రం ఒడ్డున ఆపి, టైము అయిపోయేదాకా ఊరికే చూస్తూ కూర్చునేవాడు. "ఏందన్నా, స్కోరు రాదు గదా!" అని మా తమ్ముడు లొల్లి. అన్న ఏమీ అనకుండా రిమోటు వాడికిచ్చేసేవాడు. ఆయన ఉండొచ్చింది శాన్ ఫ్రాన్సిస్కో పక్కనేనని నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.

ఆ ఐదారు నెలలూ బాపు మాకు ఒకే ఒక రూలు పెట్టాడు. "అన్నను ఒక్కన్ని ఇడిచిపెట్టకున్రి. ఎంతసేపైతే అంతసేపు ఆడున్రి. సదువు తర్వాత." చదువు తర్వాత అని చెప్పే తండ్రి దొరికితే ఏ పిల్లాడు వద్దంటాడు? రాత్రి పదింటికి, పదకొండింటికి కూడా ఆడాం. అన్న బయటికి నడిస్తే తమ్ముడు వెంట నడిచేవాడు. స్టేషన్ దిక్కు మళ్లితే బాపే సైకిలేసుకుని వెళ్లి, చాయ్ తాగించి వెంటబెట్టుకొచ్చేవాడు.

ఆ ఏడే మా ఊరి ఆర్.ఇ.సి. పేరు మారి నిట్ అయింది. ఆ ఏడు వానాకాలంలో అన్న హన్మకొండలో ఓ కంప్యూటర్ సెంటరులో పిల్లలకు పాఠాలు చెప్పడానికి కుదిరాడు. మరుసటేడు హైదరాబాదులో ఉద్యోగం. ఆ తర్వాత పెళ్లి. పెట్టె మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. కొత్త ఆటలు మన దుకాణాల్లో దొరకవు. ఉన్న నాలుగు డిస్కులూ గీతలు పడ్డాయి. మేం కాలేజీలకెళ్లాం. పెట్టె సజ్జ మీదికెళ్లింది.

★

మొన్న ఇల్లు మారుతుంటే దొరికింది. బాపు రిటైరై చాలా ఏళ్లయింది. క్వార్టర్స్ ఎప్పుడో వదిలాం. ప్రతి ఇంటికీ ఆ ఇటుకబరువు ట్రాన్స్‌ఫార్మరును మోసుకొస్తూనే ఉన్నాం. "ఇది పాతసామాన్లోనికి ఏద్దమా?" అన్నాను. బాపు చెయ్యి మళ్లీ అడ్డమొచ్చింది, ఆనాడు ప్లగ్గు దగ్గర వచ్చినట్టే.

"అది ఆట కోసం తెచ్చిన్ననుకున్నవారా?" అన్నాడు. "వాడు అచ్చిన రెండో రోజు రాత్రి పట్టాల పొంట ఒక్కడే కూసున్నడు. డ్యూటీ దిగి అస్తుంటె నేనే సూసిన. ఏం బిడ్డా అంటే, ఏం లేదు చిన్నబాపూ, బండ్లు సూస్తున్న అన్నడు. ఆ యాల బండ్లేమున్నయ్ సూస్తందుకు? ఇంట్ల కూసునే పని ఒకటుంటె మంచిగుంటదని కోఠీకి పోయిన."

ఇరవై ఏళ్లకు పైగా ఆ మాట కడుపులోనే పెట్టుకున్నాడు మా బాపు! మేం ఆడించింది ఏ ఆటో, మేం కాపలా కాసింది ఎవరికో నాకప్పుడు తెలిసింది.

ఆ ఆదివారం పెద్దన్న వచ్చాడు. ఇప్పుడాయనకు గడ్డం నెరిసింది, కాలేజీకెళ్లే కూతురుంది. ట్రాన్స్‌ఫార్మరు పెట్టాం, పెట్టె తగిలించాం. మెమరీ ముక్కలో బ్యాటరీలు ఎప్పుడో చచ్చాయి కాబట్టి స్విచ్చు వేయగానే కీచుమని అరిచింది. డిస్కు రెండుసార్లు గుర్రుమంది. తెర వెలిగింది. ఈసారి రంగుల్లో! ఇప్పటి టీవీకి అన్ని భాషలూ వచ్చు కదా. నారింజ రంగు సుడి తిరుగుతుంటే మా తమ్ముడు, పిల్లల తండ్రి, చప్పట్లు కొట్టాడు.

అంతలో తెర మీద తేదీ అడిగింది. లోపలి గడియారం బ్యాటరీ అయిపోతే ఈ పెట్టె అన్నీ మరిచిపోతుంది. మరిచిపోయి, తనంతట తాను ఒకే తేదీ చూపిస్తుంది: 1998 నవంబరు 27. జపాన్‌లో తాను విడుదలైన రోజు. ఇంకా ఎవ్వరూ ఫ్లాపనని రోజు!

నేను ఇవ్వాళ్టి తేదీ కొట్టబోయాను. "ఉండనియ్‌రా, అదే మంచిగుంది" అన్నాడు పెద్దన్న.

తర్వాత క్రేజీ టాక్సీ పెట్టాం. టాక్సీ పసుపుపచ్చగా ఉంది, సముద్రం నీలంగా ఉంది. అన్న ఈసారి ప్యాసింజర్ని ఎక్కించుకున్నాడు. పక్కన కూతురు "లెఫ్ట్ డాడీ, లెఫ్ట్!" అని అరుస్తుంటే మూడు నాలుగు బండ్లను గుద్ది, ఆఖరి సెకనులో దించాడు. మంచంమీంచి బాపు అడిగాడు, "పైసలెన్నొచ్చినయ్‌రా?"

ఆ పెట్టెకు కొత్త ఆటలు ఇప్పటికీ పుడుతూనే ఉన్నాయి. కంపెనీ కాదు, అభిమానులే రాస్తున్నారు. కాబట్టి మిత్రులారా, ఈ శుక్రవారం షో విడిచాక "పోయిందిరా" అనే ముందు ఓ చాయ్ తాగండి. సినిమా సంగతి సరే... ఆ మాట మనిషి మీద అనాల్సొస్తే రెండు చాయ్‌లు తాగండి. రెండోది అతనికి ఇప్పించండి.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం!