చూడ్డానికి బాగానే ఉన్నారట!

“మాస్టారూ, చూడ్డానికి బాగానే ఉన్నారే!” పదకొండేళ్ళుగా ఈ ఆశీర్వచనం వింటున్నాను. స్కూటరు మీదనుండి పడి తలకు గాయమైన నాటినుండి నామవాచకాలు నన్ను విడిచిపోయాయి. క్రియలు కొంత దయ చూపాయి. ముప్పై ఏళ్ళు పిల్లలచేత పర్యాయపదాలు వల్లె వేయించిన నోటికి నిన్న గరిటె పేరు అందక “కూర కలిపేది” అన్నాను. మనుమరాలు నవ్వింది. పసిది, దాని తప్పేమున్నది?

తప్పు ధ్రువపత్రాల శిబిరంలోని వైద్యునిది. కాళ్ళూ చేతులూ ఆడించి చూచి, “వయసు మీదపడింది, మరపు సహజమే” అని పంపివేశాడు. మరపు వేరయ్యా, మాట అందకపోవడం వేరు! గరిటె వంపు తెలుసు, కాడ వేడి తెలుసు, పేరొక్కటే రాదు. మెదడులో ఎడమవైపు ముందుభాగం చెడితే మాట పోతుందని పారిస్‌లో బ్రోకా 1861లోనే చూపాడు. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 వైకల్యాలలో వాక్కు, భాషల వైకల్యం ఒకటి. దాని నిర్వచనంలో అఫేసియా పేరు స్పష్టంగా ఉన్నది. మాట పోయినవాని మోకాళ్ళు పరీక్షించడం ఏ శాస్త్రం?

ఈ నాలుగు ముక్కలు వ్రాయడానికి, నిఘంటువు ఒడిలో పెట్టుకొని, నాలుగు రోజులు పట్టింది. వచ్చే శిబిరానికి చట్టప్రతితో మళ్ళీ వెళతాను. అక్కడ నోరు పెగలకపోతే ఈ కాగితమే చేతికిస్తాను.